శుభ్రమైన ఏడుపు

బాల్కనీలో బట్టలు ఆరేస్తుంటే పక్కింటి టీవీలో నేను ఏడ్చాను.

చేతిలో మా ఆయన చొక్కా ఉంది. దులపబోతున్నదాన్ని అలాగే ఆగిపోయాను. ముందు సన్నగా మూలుగు, తర్వాత ఊపిరి అందక కాస్త ఖాళీ, ఆ ఖాళీలోంచి గొంతు చీల్చుకుని లేచే అరుపు. మూడో ఊపిరి దగ్గర చిన్న జీర. చివర ఒక వెక్కు. ఆ వెక్కు సగంలో ఉండగానే కత్తెరేసినట్టు తెగిపోతుంది. అక్కడ డైరెక్టరు 'కట్' అన్నాడు కాబట్టి తెగిపోతుంది. అప్పుడు నాకు ఆరేళ్లు. ఇప్పుడు నలభై దాటాయి. ఆ ఏడుపుకి మాత్రం వయసు రాలేదు.

"మళ్లీ నువ్వేనా?" అన్నారు అత్తగారు లోపల్నుంచి.

"నేను కాదత్తయ్యా, టీవీ."

"టీవీలో మాత్రం ఎవరు? నువ్వేగా. పొద్దున్నే ఈ ఏడుపేంటమ్మా, ఇంటికి అరిష్టం కాకపోతే! ఆ చొక్కా కాలరు గట్టిగా రుద్దావా?"

రుద్దాను. వేళ్లు మండేదాకా రుద్దాను.

చిన్నప్పుడు నేను సినిమాల్లో వేశాను. తప్పిపోయిన పాప, జబ్బు చేసిన పాప, తండ్రి కాళ్లు పట్టుకునే పాప. తెర మీద నా పేరు 'బేబీ' అని పడేది. ఇప్పటికీ స్టూడియోలో అదే పిలుపు. నెరిసిన జుట్టుకి రంగేసుకుని వెళ్లినా "బేబీ వచ్చింది, మైకు కిందికి దించండి" అని జోకులేస్తారు. బడికి వెళ్లింది తక్కువ. షూటింగు లేని రోజున వెళ్లేదాన్ని. వెళ్లిన రోజున టీచరు పాఠం ఆపేసి "ఏదీ, ఆ డైలాగు చెప్పమ్మా" అనేది. అలా డైలాగులు చెప్పుకుంటూనే అయిదో తరగతి దాకా పాసయ్యాను. తర్వాత పాలపళ్లు ఊడాయి, వాటితోపాటే వేషాలూ ఊడాయి. కొత్త పళ్లు కాస్త ఎత్తుగా వచ్చాయి. మొహం మారింది, ఒళ్లు మారింది, గొంతు మాత్రం ఎదగడం మర్చిపోయింది. అప్పట్నుంచి తెర మీద పిల్లలు పెదాలు ఆడిస్తుంటే చీకట్లో నిలబడి వాళ్లకి గొంతు పోస్తున్నాను. ఆ పిల్లలు పెరిగి పెద్దవాళ్లైపోతారు, కొత్త పిల్లలొస్తారు. నేను మాత్రం ఆరేళ్ల దగ్గరే నిలబడి వాళ్లందరినీ సాగనంపుతుంటాను.

ఆ ఏడుపు ఎలా వచ్చిందో చెప్పాలి. ఆ రోజు సీనులో పాప తల్లి శవం పక్కన కూర్చుని ఏడవాలి. నాకు ఏడుపు రాలేదు. పొద్దున్నే అమ్మ కొత్త గౌను కొనిపెట్టింది, ఇక ఏడుపెలా వస్తుంది? కళ్లలో గ్లిజరిన్ వేస్తే మంటకి కళ్లు మూసుకున్నాను. గిల్లితే కితకితలనుకుని నవ్వాను. లైట్ల వేడికి అందరూ విసిగిపోయారు. అప్పుడు డైరెక్టరు వచ్చి నా ముందు గొంతుక్కూర్చుని, చాలా మెల్లగా, చాలా ప్రేమగా అన్నాడు.

"బేబీ, బయట మీ అమ్మ రోడ్డు దాటుతుంటే లారీ గుద్దేసింది. మీ అమ్మ చచ్చిపోయిందమ్మా."

ఆ లారీని నేను చూశాను. ఎర్రటి మొహం, ఒక దీపం పగిలి ఉంది, ముందు చక్రం పక్కన అమ్మ చెప్పు బోర్లా పడి ఉంది. నా చుట్టూ కెమెరా తిరిగిందన్న సంగతి కూడా నాకు తెలియదు. ఒకే టేకులో అయిపోయింది. సెట్టంతా చప్పట్లు. అప్పుడు నల్లటి తెర వెనకనుంచి అమ్మ వచ్చింది, పాల ఫ్లాస్కు పట్టుకుని, నవ్వుతూ ఏడుస్తూ. ముందే అడిగారట, సరే అందట. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని అంతా వింటూ నిలబడిందట. "నేనేనే పిచ్చిదానా, చూడు" అని దగ్గరికి లాక్కుంది. ఆమె మెడ దగ్గర వాసన చూశాను. అమ్మ వాసనే. కానీ చచ్చిపోయిన అమ్మ ఎప్పుడు లేచి వచ్చిందో, వచ్చింది ఆవిడో కాదో నాకెవరూ చెప్పలేదు. ఆ తర్వాత ఎన్నో ఏళ్లు ఆవిడే నాకు తిండి పెట్టింది, జడలు వేసింది, పెళ్లి చేసి పంపింది. అన్నాళ్లూ నేను అప్పుడప్పుడు పక్కకి తిరిగి చూసేదాన్ని, ఇంతకీ ఈవిడ ఎవరో అని. అమ్మ నిజంగా పోయినప్పుడు నాకు చుక్క కన్నీరు రాలేదు. "దీనికి డబ్బులిస్తే గానీ ఏడుపు రాదులే" అంది మా మేనత్త. అది కాదు సంగతి. అమ్మ కోసం ఏడవడం నాకు ఎప్పుడో అయిపోయింది. కావాలంటే టీవీలో వస్తుంది.

లారీ మాత్రం పోలేదు. నిజం లారీ అయితే ఈపాటికి తుక్కు కింద అమ్మేసేవాళ్లు. లేని లారీ కాబట్టి ఇప్పటికీ తిరుగుతూనే ఉంది. మా గువ్వ బడి నుంచి రావడం కాస్త ఆలస్యమైతే చాలు, వీధి మలుపులో దాని హారను వినిపిస్తుంది. గువ్వ మా ఒక్కగానొక్క కూతురు, దానికీ ఇప్పుడు ఆరేళ్లు. పాలు కాగుతుంటే మీద పడతాయని భయం, కిటికీ గొళ్లెం ఊడుతుందని భయం, ద్రాక్షపండు గొంతుకి అడ్డం పడుతుందని భయం. అది నిద్రపోతుంటే ముక్కు దగ్గర వేలు పెట్టి చూస్తాను. "నువ్వు భయపడకుండా బతికిన రోజంటూ ఒకటుందా?" అంటారు మా ఆయన. ఉంది. గౌను కొనిపెట్టిన రోజు, పొద్దున పూట.

మా ఆయన చెడ్డవారు కాదని అందరూ అంటారు. ఇంటికి స్నేహితులొస్తే, నేను ప్లేట్లు పట్టుకొస్తుండగా "ఏదీ, ఆ పాప గొంతులో ఒకసారి చెప్పు, నాన్నా నన్ను వదిలి వెళ్లకు అని" అంటారు. ప్లేట్లు కింద పెట్టి చెప్తాను. అందరూ నవ్వుతారు. మళ్లీ ప్లేట్లు ఎత్తుతాను. "నీదీ ఒక ఉద్యోగమేనా? ఇంట్లో ఎలాగూ ఏడుస్తావు, అక్కడ ఏడిస్తే నాలుగు రాళ్లు" అని కూడా అంటారు, అదీ నవ్వుతూనే. పొద్దున్నే లేచి అందరికీ వండి పెట్టి, అత్తగారి మోకాళ్లకి నూనె రాసి, బస్సులో నిలబడి స్టూడియోకి వెళ్లి, నీళ్లలో మునిగిపోతున్న ఏదో పాపకి ఊపిరాడని చప్పుళ్లన్నీ చేసి, తిరిగొచ్చి సింకు ముందు నిలబడి గొంతు నొప్పి అంటే, "ఏం మూటలు మోశావని నొప్పి? మాటలేగా మాట్లాడింది" అంటారు అత్తగారు. "గొంతు కోసం చల్లనీళ్లు తాగదట మహారాణి."

ఒక్క సంగతి మాత్రం ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. ఆయనకి కోపమొచ్చి చెయ్యి చేసుకున్న రోజున నాకొచ్చే ఏడుపు కూడా ఆ గొంతులోనే వస్తుంది. నాకు వేరే ఏడుపు రాదు. "పెద్దదానిలా ఏడువు" అంటారు పళ్లు బిగించి. "వినేవాళ్లు నేను పిల్లని కొడుతున్నాననుకుంటారు." ఎవరూ అనుకోలేదు. ఎవరూ రాలేదు. మా అంతస్తులో అందరికీ తెలుసు, ఈ ఇంట్లో ఏడుపు వృత్తి. మర్నాడు మెట్ల మీద పక్కింటావిడ ఎదురై "నిన్న బాగా ప్రాక్టీసు చేసినట్టున్నావు వదినా, నాకైతే ఒళ్లు జలదరించిందనుకో" అంది మెచ్చుకోలుగా. "ఏ సినిమాకి?"

కొత్త సినిమా అన్నాను. పేరింకా పెట్టలేదన్నాను.

ఈ మధ్య నా గొంతులో బరువు చేరింది. ఏ పాత్రకి ఎవరి గొంతో చూసి పని పంచే ఇన్‌చార్జి ఒకాయన ఉంటాడు స్టూడియోలో. ఒకరోజు హెడ్‌ఫోన్లు తీసి "పాపకి జలుబు చేసినట్టుంది బేబీ" అన్నాడు. మర్నాడు మళ్లీ అన్నాడు. తేనె తాగాను, ఆవిరి పట్టాను, బరువు దిగలేదు. ఆ మాట ఇంట్లో చెప్పాను. భోజనం చేస్తున్న మా ఆయన చెయ్యి ఆపి గువ్వ వైపు చూశారు. ఆ చూపు నాకు తెలుసు. చిన్నప్పుడు చాలామంది నన్ను అలా చూసేవారు, కాయ పండిందా లేదా అని చూసినట్టు.

"వద్దు" అన్నాను.

"నేనేమన్నానే?"

"అనకండి కూడా. నా ప్రాణం పోయినా సరే, దాన్ని ఆ స్టూడియో గడప తొక్కనివ్వను."

"సరేలే, మాటిస్తున్నా. నీ కూతుర్ని ఇనప్పెట్టెలో పెట్టి తాళం వేసుకో, తాళంచెవి మింగెయ్" అని నవ్వారు.

"అంత చురుకైన పిల్ల" అన్నారు అత్తగారు గోడకి చెప్తున్నట్టు, "పెరిగి పెద్దయ్యాక తల్లిలాగే అంట్లు తోముకుంటుందిలే, మనకెందుకు."

మాటిచ్చారు కదా అని ఆ సంగతి అక్కడితో వదిలేశాను. ఆ తర్వాతే ఇల్లు మరోలా ఉండటం మొదలైంది.

ఒక సెలవు రోజు సాయంత్రం నేను దుప్పట్లు మడతపెడుతున్నాను, గువ్వ మంచం పక్కన బొమ్మతో ఆడుకుంటోంది. బొమ్మని గోడకి ఆనించి కూర్చోబెట్టింది. దాని ముందు తను గొంతుక్కూర్చుంది. చాలా మెల్లగా, చాలా ప్రేమగా, "మీ అమ్మ చచ్చిపోయిందమ్మా" అంది. కాసేపు ఆగి, బొమ్మ మొహంలోకి పరీక్షగా చూసింది. "ఊఁ. ఇప్పుడు ఏడువు."

దుప్పటి చేతుల్లోంచి జారిపోయింది. ఆ కథ దానికి నేనెప్పుడూ చెప్పలేదు. ఎవరికీ చెప్పలేదు, పెళ్లైన కొత్తలో మా ఆయనకి తప్ప. అప్పుడాయన "డైరెక్టరంటే అలా ఉండాలి" అని మెచ్చుకుని మర్చిపోయారు. మర్చిపోయారనే అనుకున్నాను.

"ఎవరు నేర్పారే ఇది?"

"ఎవరూ నేర్పలేదు. ఆట."

"ఏం ఆట?"

"ఏడుపాట" అంది. లేచి వచ్చి నా మెడ చుట్టూ చేతులు వేసింది. ముద్దు పెడుతుందనుకున్నాను. ముక్కు ఆనించి వాసన చూసింది. "నువ్వేనా?" అంది.

"నేనేనే."

"ఊఁ" అంది. నమ్మినట్టు కాదు, పెద్దవాళ్లు సరేలే అన్నట్టు.

వంటగదిలోకి వెళ్లి అత్తగారికి చెప్పాను. ఆవిడ టీ వడగడుతూ తల కూడా ఎత్తలేదు. "నీ భయాలే దానికి పట్టుకున్నాయి. కడుపులో ఉన్నప్పుడే వినుంటుంది, నువ్వు రోజూ ఏడ్చేదానివిగా మైకు ముందు." నాకది నిజమేమో అనిపించింది. చదువుకున్నదాన్నయితే ఏమనుకునేదాన్నో గానీ, నాకు మాత్రం ఆ ఏడుపు నా నెత్తుట్లోంచి దాని నెత్తుట్లోకి పాకుతున్నట్టు కనిపించింది, గోడలోకి చెమ్మ పాకినట్టు.

ఇంకోరోజు కూరగాయల సంచీతో మెట్లెక్కుతుంటే పైనుంచి నా ఏడుపు వినబడింది. అదే మూలుగు, అదే ఖాళీ, మూడో ఊపిరి దగ్గర అదే జీర. ఏ సినిమా వేశారో అనుకుంటూ నింపాదిగా ఎక్కాను, సంచీ బరువుగా ఉంది. మా అంతస్తు చేరేసరికి ఏడుపు ఆగిపోయింది. చూస్తే పక్కింటి తలుపుకి తాళం. ఎదురింటివాళ్లు ఊరెళ్లి చాలా రోజులైంది, వాళ్ల గుమ్మం ముందు చెప్పుల మీద దుమ్ము పేరుకుని ఉంది. ఆ తాళానికేసి చూస్తూ అక్కడే నిలబడిపోయాను.

లోపల గువ్వ సోఫాలో కూర్చుని బిస్కెట్టు తింటోంది. బుగ్గలు తడి. మా ఆయన ఆ రోజు ఆఫీసు నుంచి ముందే వచ్చేశారు, పేపరు చదువుకుంటున్నారు. నేనింకా నోరు తెరవకముందే "కళ్లలో సబ్బు పడిందిలే" అన్నారు అత్తగారు.

నమ్మాను. ఆ ఏడుపు గువ్వదని నమ్మడం కంటే నాకు పిచ్చెక్కుతోందని నమ్మడం తేలిక. ఇన్నేళ్లూ ప్రతి ఇంటి గోడలోంచీ నేను ఏడుస్తూనే ఉన్నాను, ఇప్పుడిక గోడలు కూడా అక్కర్లేకుండానే వినబడుతోంది కాబోలు అనుకున్నాను. మర్నాటి నుంచి ఇంట్లో పని చేసుకునేటప్పుడు చెవుల్లో దూది పెట్టుకోవడం మొదలుపెట్టాను. "ఇప్పుడు చెవుడు కూడానా?" అన్నారు మా ఆయన. ఆ మాట కూడా దూరంగానే వినబడింది.

అలా ఉండగా కొత్త సినిమాకి పిలుపొచ్చింది. ఆరేళ్ల పాప, సినిమా అంతా ఆ పాపే. "దీనికి నువ్వే రావాలి బేబీ, బరువు సంగతి మేం చూసుకుంటాం" అన్నాడు ఇన్‌చార్జి. ఇంకా నేను పనికొస్తానన్నమాట అని పొంగిపోయాను.

డబ్బింగు థియేటరంటే కిటికీల్లేని గది. గోడలకి మెత్తటి గుడ్డ. అక్కడ చప్పట్లు కొడితే చప్పుడు మన అరచేతుల్లోనే చచ్చిపోతుంది. ఎదురుగా తెర, దాని మీద సీను ముక్కలు ముక్కలుగా వస్తుంది. మన మాట ఆ పాప పెదాలకి అతుక్కునేదాకా ఒకే ముక్క మళ్లీ మళ్లీ తిరుగుతుంది. పక్కన అద్దం, అద్దం వెనక సౌండ్ ఇంజినీరు. ఆయన్ని అందరం పెద్దాయన అంటాం. చిన్నప్పటి ఆ సెట్లో సౌండు పట్టింది ఆయనే, నా ఏడుపుని దాచిపెట్టిందీ ఆయనే. ఏ సినిమాలో పిల్ల ఏడవాల్సి వచ్చినా, నా కొత్త ఏడుపు నచ్చకపోతే దాన్నే తీసి వేస్తాడు. "అంత శుభ్రమైన ఏడుపు మళ్లీ దొరకలేదు తల్లీ" అంటాడు ప్రతిసారీ. "ఒక గరగర లేదు, ఒక గాలి చప్పుడు లేదు, పిసరంత నటన లేదు." తలుపు మీద బయటివైపు ఎర్రదీపం ఉంటుంది. అది వెలుగుతుంటే ఎవరూ తలుపు తియ్యకూడదు. అక్షరాల కంటే ముందు నాకు వచ్చిన చదువు అది.

మధ్యాహ్నానికి మాటలన్నీ అయిపోయాయి. చివరి సీను మిగిలింది, తల్లి శవం పక్కన పాప. నేను గొంతు సవరించుకుంటుంటే ఇన్‌చార్జి వచ్చి "ఏడుపు నువ్వు చెయ్యక్కర్లేదు బేబీ. బయట కూర్చుని టీ తాగు" అన్నాడు, నా వైపు చూడకుండా. పాతదే వేస్తారు కాబోలు అనుకుని బయటికొచ్చి బెంచీ మీద కూర్చున్నాను. ఎర్రదీపం వెలిగింది. ఈపాటికి గువ్వ బడిలో అన్నం డబ్బా విప్పుకుని ఉంటుంది, మూత గట్టిగా పెట్టానేమో, వేళ్లు నొక్కుకుంటుందేమో అని దిగులుపడుతూ టీ ఊదుకున్నాను.

తలుపు కింది సందులోంచి నా ఏడుపు సన్నగా బయటికొచ్చింది. మూలుగు. ఖాళీ. అరుపు. పనితనం తెలిసినదాన్ని కదా, చెవి పెట్టి విన్నాను. ఈసారి కాస్త దగ్గరగా, పచ్చిగా వినబడుతోందే, మెషీన్లు మార్చారేమో అనుకున్నాను. టీ ఒక గుక్క తాగాను. మూడో ఊపిరి, జీర. ఇక వెక్కు వస్తుంది, తెగిపోతుంది.

వెక్కు వచ్చింది. తెగలేదు.

కప్పు పెదాల దగ్గరే ఉండిపోయింది. ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా నా ఏడుపు ఆ వెక్కు దాటి ముందుకెళ్లలేదు. దానికి అవతల ఏముందో నాకే తెలియదు. ఇప్పుడది దాటి వెళ్లిపోతోంది, ఎవరూ తొక్కని చీకట్లోకి ఒక్కతే నడుచుకుంటూ వెళ్లిపోతున్నట్టు. వెళ్లి వెళ్లి, "అమ్మా" అంది.

నా ఏడుపులో అమ్మా అనే మాట లేదు. చచ్చిపోయిన మనిషిని పిలవాలని ఆ రోజు నాకు తట్టలేదు. ఈ పిల్ల పిలుస్తోంది.

ఎర్రదీపం వెలుగుతూనే ఉంది. తలుపు తీశాను.

తెర మీద ఆ సినిమా పాప పెదాలు చప్పుడు లేకుండా ఆడుతున్నాయి. మైకు ముందు ఎత్తుపీట మీద మా గువ్వ, బడి బట్టల్లోనే, పెద్దవాళ్ల హెడ్‌ఫోన్లు మెడ మీదికి జారిపోయి. దాని ముందు ఈ సినిమా కుర్ర డైరెక్టరు గొంతుక్కూర్చుని ఉన్నాడు. వెనక గుమ్మానికున్న నల్లటి తెర పక్కన మా ఆయన నిలబడి ఉన్నాడు. ఒక చేతిలో పిల్ల నీళ్లసీసా. రెండో చెయ్యి నోటికి అడ్డం.

అలా నిలబడమని ఆయనకి ఎవరూ చెప్పి ఉండరు.

"అబ్బ, ఇంకొక్క క్షణం ఆగలేకపోయావా!" అన్నాడు చెయ్యి తీసి. తర్వాత నవ్వాడు. "విన్నావా? అచ్చు నువ్వే! మా అమ్మా నేనూ ఇంట్లో కాస్త అలవాటు చేశాం, ఇట్టే పట్టేసింది. నీకు చెప్తే గోల చేస్తావని చెప్పలేదు."

"ఏం కాదు మేడం, ఊరికే అన్నాం" అన్నాడు కుర్ర డైరెక్టరు లేచి నిలబడుతూ. "ఇప్పుడే నిజం చెప్పేద్దామనుకుంటున్నాం. ఇంతలో మీరే వచ్చారు."

గువ్వ దగ్గరికి వెళ్లాను. అది పీట మీదే వెనక్కి జరిగింది.

"నేనేనే" అన్నాను. పొద్దుట్నుంచి పాపకి గొంతు పోసిన నోరు కదా, ఆ మాట ఆరేళ్ల గొంతులోనే వచ్చింది. గువ్వ ఇంకా వెనక్కి జరిగింది. చచ్చిపోయిందని చెప్పిన మనిషి చీకట్లో తలుపు తీసుకుని వచ్చి, పసిపిల్ల గొంతుతో మాట్లాడితే ఎవరైనా అలాగే చూస్తారు. ఆ చూపు నాకు కొత్త కాదు. నేను మా అమ్మని అలాగే చూశాను, ఆవిడ పోయేదాకా.

గొంతు సవరించుకున్నాను. జలుబు చేసినట్టుందని వాళ్లన్న ఆ బరువు, ఇన్నాళ్లూ తేనె తాగి ఆవిరి పట్టి లోపలికి తోసేస్తూ వచ్చిన ఆ బరువుని అడుగు నుంచి పైకి తీశాను.

"గువ్వా. నేను చచ్చిపోలేదు. వీళ్లు నీకు అబద్ధం చెప్పారు. అబద్ధమని తెలిసే నాన్న అక్కడ నిలబడ్డాడు. నన్ను ఇప్పుడే నమ్మమని అడగను. నమ్మకం కుదిరేదాకా ఎన్నిసార్లయినా చూసుకో. పద, ఇక్కణ్నుంచి వెళ్దాం."

ఆ గొంతు ఎవరిదో నాకే తెలియదు. గరుకుగా ఉంది, లావుగా ఉంది, ఎక్కడా జారలేదు. ఆ గుడ్డ గోడలు కూడా దాన్ని మింగలేకపోయాయి. గువ్వ నా మొహంలోకి చాలాసేపు చూసింది. తర్వాత పీట దిగింది. నా చెయ్యి పట్టుకోలేదు గానీ, దిగింది.

"దాన్ని చెరిపెయ్యండి" అన్నాను అద్దం వైపు తిరిగి.

పైనున్న స్పీకర్లోంచి పెద్దాయన గొంతు వచ్చింది. "బంగారంలాంటి టేకు తల్లీ. నేను సౌండు పడతానంతే. ఏడిపించేది నేను కాదు."

"చెరిపెయ్యండి."

ఏదో నొక్కినట్టు చెయ్యి కదిలింది. "చెరిపేశానమ్మా" అన్నాడు. నిజమో అబద్ధమో అద్దంలోంచి తెలియదు.

"ఎక్కడికే?" అన్నాడు మా ఆయన వెనకనుంచి. "సాయంత్రం ఇంటికి మనుషులొస్తున్నారు. వంటెవరు చేస్తారు?"

అంతకాలం కాపురం చేసిన మనిషి నన్ను ఆపడానికి వెతికి పట్టుకున్న మాట అదీ. గువ్వని ముందు నడిపించుకుంటూ, ఇంకా వెలుగుతున్న ఎర్రదీపం కిందనుంచి బయటికొచ్చేశాను.

ఇప్పుడు మేమిద్దరం మా అక్క ఇంటికి దగ్గర్లో, పై అంతస్తులో ఒక గదిలో ఉంటున్నాం. పిల్లల గొంతు మానేశాను. పెద్ద పెద్ద భవనాల్లో లిఫ్టు ఎక్కితే "తలుపులు మూసుకుంటున్నాయి, జాగ్రత్త" అని ఒక గరుకు గొంతు వినబడుతుంది, అది నేనే. "చిన్నప్పట్నుంచీ అందరికీ నువ్వు చెప్పేది అదేగా, ఇప్పుడు జీతమిచ్చి చెప్పించుకుంటున్నారు" అని నవ్వుతుంది అక్క. గువ్వ పొద్దున లేవగానే నా మెడ దగ్గర వాసన చూస్తుంది, మోచేతి మీద ఎప్పుడో పెనం తగిలి కాలిన మచ్చని తడిమి చూసుకుంటుంది. "నువ్వేనా?" అంటుంది. "అనుమానముంటే రేపు మళ్లీ చూసుకో" అంటాను. నాకూ భయాలు తగ్గలేదు. లారీ ఈ వీధి కూడా కనిపెట్టింది.

మొన్న సాయంత్రం ఇద్దరం దండెం మీది బట్టలు తీస్తున్నాం. నేను తీసిన క్లిప్పులు గువ్వ డబ్బాలో వేస్తోంది. కింది అంతస్తులోంచి ఏడుపు వచ్చింది. సన్నటి మూలుగు, ఖాళీ, అరుపు. ఇద్దరం ఆగిపోయాం. ఏదో పాత సినిమా వేశారనుకున్నాను. కొత్తదేమో కూడా. పెద్దాయన నిజంగా చెరిపాడో లేదో ఎవరు చూశారు?

గువ్వ క్లిప్పు చేతిలో పట్టుకుని నా వైపు చూసింది.

"అమ్మా, అది నువ్వా, నేనా?"

తెలియలేదు. తెలుసుకుందామని చెవి పెట్టాను, మూడో ఊపిరి కోసం, జీర కోసం. అలా వింటూ నిలబడ్డందుకు మరుక్షణమే నా మీద నాకు అసహ్యం పుట్టింది. మెట్ల మీద సంచీ మోసుకుంటూ కూడా ఇలాగే విన్నాను. బెంచీ మీద టీ ఊదుకుంటూ కూడా ఇలాగే విన్నాను. ఎవరిదో తేలితే గానీ కదలనా? చేతిలో ఉన్న బట్టలు అక్కడే పడేశాను.

"ఎవరైతేనేం" అన్నాను. "పద, అడిగొద్దాం."

మెట్లు దిగుతుంటే గువ్వ తనంతట తనే నా చెయ్యి పట్టుకుంది. కింది తలుపు కొట్టాను. ఏడుపు ఠక్కున ఆగింది, కత్తెరేసినట్టు. కాసేపటికి ఒకాయన తలుపు ఓరగా తీసి, మమ్మల్నిద్దర్నీ చూసి మర్యాదగా నవ్వాడు.

"సారీ అండీ, టీవీ సౌండు ఎక్కువైందా? తగ్గించేస్తాను."

ఆయన భుజం మీదుగా లోపలికి చూశాను. గోడకున్న టీవీ నల్లగా ఉంది. ఆ నలుపులో గుమ్మంలో నిలబడ్డ మేమిద్దరం కనిపిస్తున్నాం.

"టీవీలో ఏడుపు ఎలా ఉంటుందో నాకు తెలుసండీ" అని, తలుపు మూసుకోకుండా గడప మీద కాలు పెట్టాను.